గేటు దగ్గర ఆగిన కిర్పాన్: రాజ్యాంగం తేల్చింది ఎంత, తేల్చనిది ఎంత

పోయిన యాసంగి కోతలప్పుడు నల్గొండలో ఒక ప్రభుత్వ కార్యాలయం ముందు గంటన్నర లైన్లో నిలబడ్డాను. పాస్‌బుక్కులో తప్పుపడిన పేరు దిద్దించుకునే పని. నా ముందు ముగ్గురు రైతులు, వాళ్ల ముందు ఒక సర్దార్జీ. మిర్యాలగూడ, హాలియా వైపు వరి కోతలకు పంజాబ్ నుంచి మిషన్లు తెచ్చేవాళ్లు ఉంటారు కదా, వాళ్లలో ఒకాయన. అరవై దాటి ఉంటాయి. ఏదో బండి కాగితాల పని మీద వచ్చాడు.

ఆయన గేటులోంచి నడవగానే డిటెక్టర్ కూసింది. హోంగార్డు తడిమి చూస్తే కుర్తా లోపల భుజం మీంచి నడుము దాకా ఒక గుడ్డ పట్టీ, దానికి జానెడు కూడా లేని ఒర. అందులో సిక్కులు మతాచారంగా ధరించే చిన్న కత్తి, కిర్పాన్. "కత్తి ఇక్కడ పెట్టి పో సర్దార్జీ, వచ్చేటప్పుడు తీసుకుందువు" అన్నాడు హోంగార్డు. "యే ఉతర్తీ నహీ, బేటా" అన్నాడాయన. ఇది తీసేది కాదు బిడ్డా అని. గొంతులో కోపం లేదు. పావుగంట వాదన తర్వాత ఆయన బయట వేపచెట్టు కిందికి వెళ్లి నిలబడ్డాడు. లోపలి నుంచి ఒక అటెండర్ కాగితాలు తెచ్చి, ఆగి ఉన్న బైక్ సీటు మీద పెట్టి సంతకం పెట్టించుకున్నాడు.

నా వంతు వచ్చినప్పుడు హోంగార్డును అడిగాను, అట్లెందుకు ఆపావని. "సార్, నేను లోపలికి పంపినంక ఏమన్న అయితే నన్నెవరు కాపాడుతరు? పంపమని ఎక్కడన్న రాసి ఉందా?" అన్నాడు.

ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. రాసి ఉంది, రాజ్యాంగంలోనే ఉంది. కానీ ఆ రాసినది ఆయన నిలబడ్డ గేటు దాకా రాలేదు. ఈ మధ్యలో ఏం జరిగిందో విడమరిచి చెప్పాలనే ఈ వ్యాసం.

ముందు అసలు ఆ వస్తువు సంగతి. 1699 వైశాఖి రోజున ఆనంద్‌పూర్ సాహిబ్‌లో సిక్కుల పదో గురువు గురు గోవింద్ సింగ్, దీక్ష తీసుకున్న సిక్కుల సంఘమైన ఖాల్సాను స్థాపించాడు. అమృతం, అంటే ఆ దీక్ష, తీసుకుని ఖాల్సాలో చేరిన సిక్కు అయిదు గుర్తులను ఒంటి మీద ఉంచుకోవాలి: కత్తిరించని జుట్టు, దువ్వెన, ఇనుప కడియం, ప్రత్యేకంగా కుట్టిన లోదుస్తు, కిర్పాన్. సిక్కులందరూ అమృతం తీసుకోరు. తీసుకున్నవాళ్లను అమృతధారి అంటారు. వాళ్లకు కిర్పాన్ అనేది స్నానం చేసేటప్పుడూ పడుకునేటప్పుడూ కూడా ఒంటి నుంచి వేరు చేయని వస్తువు. 'కాసేపు తీసి పెట్టు' అనడం మనకు చాలా చిన్న మాటగా వినిపిస్తుంది. ఆయనకు మాత్రం అది ప్రమాణం తప్పమని అడగడమే.

మన కావ్యాల్లో కృపాణం అంటే కత్తి అని తెలుగు చదివిన వాళ్లందరికీ తెలుసు. కిర్పాన్ ఆ మాటే. సిక్కులు దీన్ని 'కృప', 'ఆన్' అని రెండుగా విడదీసి, దయ, గౌరవం కలిసిన పేరుగా చెప్పుకుంటారు. నిఘంటువుకు ఆ విడదీయడం నప్పకపోవచ్చు. కానీ ధరించేవాడి మనసులో ఆ వస్తువుకు ఉన్న అర్థం అదే: నిస్సహాయుడికి అండగా నిలబడతానన్న మాట. చాలామంది ధరించే కిర్పాన్లకు పదును కూడా ఉండదు.

ఇదంతా ఎక్కడో పంజాబ్ కథ అనుకోవద్దు. ఆ వైశాఖి రోజున ఆనంద్‌పూర్‌లో గురువు అడిగితే తల ఇవ్వడానికి లేచిన అయిదుగురిలో ఒకరైన భాయీ సాహిబ్ సింగ్ బీదర్ వాడు. జహీరాబాద్ దాటితే బీదరే. గురు గోవింద్ సింగ్ 1708లో కన్నుమూసిన నాందేడ్ 1956 దాకా మనతో పాటు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. 1830లలో పంజాబ్ మహారాజు రంజిత్ సింగ్ పంపగా వచ్చి నిజాం కొలువులో ఉన్న సిక్కు సిపాయిల సంతతి హైదరాబాద్‌లో, సిక్ ఛావనీ చుట్టుపక్కల, ఇప్పటికీ ఉంది. ఇంకొక సంగతి దేవరకొండ, అచ్చంపేట తండాల్లోని పెద్దమనుషులకు తెలిసి ఉండాలి. 1675లో ఢిల్లీ చాందినీ చౌక్‌లో సిక్కుల తొమ్మిదో గురువు గురు తేగ్ బహదూర్ తలను ఔరంగజేబు తీయించినప్పుడు, ఆయన మొండేన్ని బండిలో దాచి తెచ్చి, దహనం చేసినట్టు ఎవరికీ తెలియకుండా తన సొంత ఇంటికే నిప్పు పెట్టినవాడు లఖీ షా. ఆయన బంజారా వర్తకుడు. ఆ ఇల్లు ఉన్న చోటే ఇవాళ రకాబ్‌గంజ్ గురుద్వారా, పార్లమెంటుకు దగ్గర్లో.

ఇక చట్టం. రాజ్యాంగం 25వ అధికరణం అందరికీ మతస్వేచ్ఛ ఇస్తుంది. దాని కింద మొదటి వివరణ ఒకే వాక్యం: కిర్పాన్లు ధరించడం, వెంట తీసుకెళ్లడం సిక్కు మతాన్ని అవలంబించడంలో భాగమే అని. రాజ్యాంగంలో ఒక మతం వాళ్లు ధరించే వస్తువును పేరు పెట్టి కాపాడిన చోటు ఇదే. దీని వెనుక బ్రిటిష్ కాలపు గొడవ ఉంది. ఆయుధాల చట్టం కింద కిర్పాన్ పెట్టుకున్నందుకు సిక్కులను జైళ్లలో వేసేవాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో మినహాయింపులు ఇచ్చారు. అయినా 1920లలో గురుద్వారాల ఉద్యమం ముదిరినప్పుడు మళ్లీ అరెస్టులు జరిగాయి. రాజ్యాంగం రాసినవాళ్లకు అది నిన్న మొన్నటి జ్ఞాపకం. అందుకే ఊహకు వదిలేయకుండా రాసిపెట్టారు.

ఆ ఒక్క వాక్యం ఎంత బరువు మోస్తుందో తెలియాలంటే ఇంకొక కేసు పక్కన పెట్టి చూడాలి. ఆనందమార్గం అనే మత సంస్థ వాళ్లు కలకత్తా వీధుల్లో కత్తి, త్రిశూలం, పుర్రె పట్టుకుని తాండవ నృత్యం చేస్తామన్నారు. పోలీసులు వద్దన్నారు. 1983లో సుప్రీంకోర్టు పోలీసుల పక్షాన నిలబడింది. సంస్థ పుట్టింది 1955లో, తాండవం ఆచారంగా వచ్చింది 1966లో, కాబట్టి అది ఆ మతానికి అత్యవసరమైన ఆచారం అనలేమని కోర్టు తేల్చింది. మన దేశంలో మతాచారం ఏదైనా కోర్టుకు వెళ్తే మొదట దాటాల్సిన గడప ఇదే: ఇది మీ మతానికి తప్పనిసరా, రుజువు చెయ్యండి. కర్ణాటక హిజాబ్ కేసు హైకోర్టులో 2022లో ఆ గడప దగ్గరే ఆగిపోయింది. తర్వాత సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరొక తీర్పు ఇచ్చారు. సిక్కుకు ఈ రుజువు అవసరం లేదు. రాజ్యాంగమే ఆయన తరఫున ముందుగా సాక్ష్యం చెప్పేసింది.

'వాళ్లకు ఒక నీతి, మాకొక నీతా?' అని ఇక్కడ చాలామంది అడుగుతారు. పోటీ పరీక్షల కేంద్రాల దగ్గర మెట్టెలు తీయించుకున్న ఆడపిల్లల బాధ నేను చూశాను. పుస్తెలతాడు మీద చెయ్యి వేసి ఏడ్చిన అమ్మాయినీ చూశాను. ఆ ప్రశ్నలో కోపం ఉంది, ఆ కోపానికి కారణం కూడా ఉంది. నిజంగానే ఇక్కడ ఎగుడుదిగుడు ఉంది. రాజ్యాంగం ఒక వస్తువుకు పేరు పెట్టి హామీ ఇచ్చింది, మిగతావాటిని కోర్టుల పరీక్షకు వదిలింది. కానీ పుస్తె తీయించిన అన్యాయానికి మందు కిర్పాన్ తీయించడంలో దొరకదు. పుస్తెలో ఏం దాచవచ్చని తీయిస్తున్నారో అధికారిని అడగాలి, జవాబు లేకపోతే ఆ నిబంధన తీసేయించాలి. రెండు ఫిర్యాదులూ ఒకే టేబుల్ మీదికి వెళ్లాల్సినవి.

ఆయుధాల చట్టం మాటేమిటి? ఆ చట్టం కింద ఉన్న నిబంధనల్లో పదునైన ఆయుధాల లెక్క 9 అంగుళాలకు మించిన బ్లేడు, లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు దగ్గర మొదలవుతుంది. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసిన కత్తులను ఆ లెక్కలోంచి తీసేశారు. అందుకే మన గీత కార్మికుడు మోకు, ముస్తాదుతో, నడుముకు గీత కత్తులతో ఊరి నడిమధ్య నుంచి నడిచిపోతే ఎవరూ ఉలిక్కిపడరు. ఆ కత్తి పదును కిర్పాన్ పదునుకు పదింతలు. మనకు ఆయన తెలుసు, ఆ కత్తి పని తెలుసు, అందుకే భయం లేదు. సర్దార్జీ కిర్పాన్ చూసినప్పుడు పుట్టే భయంలో సగం తెలియనితనమే అని నా నమ్మకం. మిగతా సగాన్ని మాత్రం కొట్టిపారేయలేం. దాని గురించి తర్వాత చెప్తాను.

మరి హక్కు ఇంత గట్టిగా ఉంటే గేటు దగ్గర ఎందుకు ఆగింది? 25వ అధికరణం మొదటి మాటే 'ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యాలకు లోబడి' అని. వివరణ కిర్పాన్‌ను మతంలో భాగం చేసింది. ఆ మతస్వేచ్ఛకే హద్దులు ఉన్నాయి కాబట్టి, కిర్పాన్‌కూ ఆ హద్దులు వర్తిస్తాయి. ఏ చోట, ఎంత పొడవు, ఎట్లా కట్టుకుంటే, ఎవరు చూసి పంపాలి అన్నవి రాజ్యాంగం చెప్పలేదు, చెప్పే చోటూ అది కాదు. ఆ పని కింద ఉన్నవాళ్లు చేయాలి. కొన్ని చోట్ల చేశారు.

విమానం సంగతి చూడండి. పౌర విమానయాన భద్రతా సంస్థ 2022 మార్చిలో ఉత్తర్వు ఇచ్చింది: దేశం లోపల తిరిగే విమానాల్లో సిక్కు ప్రయాణికులు కిర్పాన్ తీసుకెళ్లవచ్చు. బ్లేడు 6 అంగుళాలు, మొత్తం పొడవు 9 అంగుళాలు దాటకూడదు. దీన్ని సవాలు చేస్తూ వేసిన పిల్‌ను ఢిల్లీ హైకోర్టు అదే ఏడాది డిసెంబర్లో కొట్టేసింది. శంషాబాద్‌లో తనిఖీ చేసే జవానుకు ఇప్పుడు టెన్షన్ లేదు. ఆయన దగ్గర కొలత ఉంది. కొలుస్తాడు, పంపుతాడు. అయితే ఎయిర్‌పోర్టులో ఉద్యోగం చేసే సిక్కుల విషయంలో అదే సంస్థ మొదట వద్దంది, కొన్ని రోజులకే ఆ పేరా తీసేసింది, 2024 అక్టోబర్ చివర్లో మళ్లీ వద్దంది. రోజంతా అక్కడే పనిచేసే మనిషి ప్రయాణికుడి కంటే ఎక్కువ ప్రమాదమని ఎట్లా తేల్చారో నాకు అర్థం కాలేదు. పైగా ఉద్యోగి గురించి అన్ని విచారణలూ చేశాకే లోపలికి రానిస్తారు.

పరీక్షల గురించి 2018లో ఒక మంచి దారి దొరికింది. నీట్ రాసే సిక్కు పిల్లలు కడియం, కిర్పాన్‌తో రావచ్చని, కాకపోతే తనిఖీకి సమయం ఉండేట్టు ఒక గంట ముందు రావాలని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఎంత తేలికైన పరిష్కారమో చూడండి. హక్కు పోలేదు, తనిఖీ ఆగలేదు, పిల్లాడు ఒక గంట ముందు లేచాడు, అంతే.

బయటి దేశాల్లో ఈ ప్రశ్నను అన్నిటికంటే లోతుగా తవ్వింది కెనడా సుప్రీంకోర్టు. 2001లో క్యూబెక్‌లో ముల్తానీ అనే బడిపిల్లాడి కిర్పాన్ ఆటస్థలంలో జారి కింద పడింది. స్కూలు బోర్డు మొదట షరతులతో సరే అంది, పై వాళ్లు వద్దన్నారు. కేసు అయిదేళ్లు నడిచి 2006లో పిల్లాడి పక్షాన తీర్పు వచ్చింది. చెక్క ఒరలో ఉండాలి, ఆ ఒరను గుడ్డలో కుట్టేసి పట్టీకి బిగించాలి, బట్టల లోపల ఉండాలి, స్కూలువాళ్లు అప్పుడప్పుడూ చూసుకోవచ్చు. కోర్టు రెండు మాటలు గుర్తుంచుకోదగ్గవి. ఒకటి: సిక్కు పిల్లలు కెనడా బడుల్లో చదవడం మొదలై వందేళ్లయినా కిర్పాన్‌తో దాడి జరిగిన ఘటన ఒక్కటి కూడా నమోదు కాలేదు. అదే బడిలో కత్తెర్లు, బేస్‌బాల్ బ్యాట్లు ఎవరైనా అందుకోవచ్చు.

రెండోది నాకు చాలా విలువైనదనిపించింది. అంతకుముందు కెనడాలోనే విమానంలో కిర్పాన్ వద్దన్న నిర్ణయం ఒకటి, కోర్టు హాల్లో నిందితుడు కిర్పాన్ పెట్టుకోవద్దన్న తీర్పు ఒకటి ఉన్నాయి. వాటిని చూపించి బడిలోనూ వద్దనాలని వాదించారు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. విమానంలో ఉన్నది ఒకరికొకరు తెలియని మనుషులు, కొన్ని గంటల తోడు. బడిలో టీచరుకు పిల్లాడు తెలుసు, ఏళ్ల తరబడి చూస్తుంది. కోర్టు హాలు ఇంకో రకం, అక్కడ పగలు పట్టిన మనుషులు ఎదురెదురుగా కూర్చుంటారు. కాబట్టి కత్తి ప్రమాదమా అని గాలిలో అడగకుండా, ఈ చోట, ఈ మనుషుల మధ్య ప్రమాదమా అని అడగాలి. అప్పట్లో కెనడా విమానంలో వద్దంటే, తర్వాత మన దేశం విమానంలోనే కొలతతో సరే అంది. ఎవరి అనుభవం వాళ్లకు చెప్పిన జవాబు అది.

అమెరికాలో హ్యూస్టన్‌లో పన్నుల శాఖలో పనిచేసిన ఒక సిక్కు మహిళ కథ ప్రభుత్వ భవనాలకు సూటిగా సంబంధించింది. అక్కడి కేంద్ర ప్రభుత్వ భవనాల్లోకి రెండున్నర అంగుళాల కంటే పొడవైన బ్లేడు తేకూడదని చట్టం. 2005లో అమృతం తీసుకున్న ఆమె కిర్పాన్ బ్లేడు 3 అంగుళాలు. ఆ అర అంగుళం మీద 2006లో ఉద్యోగం పోయింది. అదే ఆఫీసులో కత్తెర్లు ఉన్నాయి, కేకు కోసే కత్తులు ఉన్నాయి అని ఆమె లాయర్లు వాదించారు. చివరికి భవనాల భద్రత చూసే శాఖ 2012లో తన పద్ధతి మార్చుకుని, మతపరంగా ధరించే కిర్పాన్లకు వెసులుబాటు ఇచ్చే దారి పెట్టింది. 2014లో రాజీ కుదిరింది. ఎనిమిదేళ్లు పట్టింది.

ఇంగ్లాండ్‌లో బహిరంగ స్థలంలో కత్తి ఉంచుకోవడం నేరమని చెప్పే 1988 చట్టమే మత కారణం ఉంటే నేరం కాదని చెప్తుంది. అక్కడి కోర్టు భవనాలకు వేరే కొలత ఉంది: మొత్తం 6 అంగుళాలు, బ్లేడు 5. ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లో బడుల్లోకి మత కారణంతో కూడా కత్తి తేవద్దన్న నిబంధన 2023లో అప్పీలు కోర్టులో నిలబడలేదు.

ఇప్పుడు ఆ మిగతా సగం భయం గురించి. ధరించినవాడు మంచివాడే, పక్కవాడు లాక్కుంటే? ఇది నిజమైన ప్రశ్న. గుడ్డలో కుట్టిన ఒర, బట్టల లోపల పట్టీ అన్న షరతులు పుట్టింది దీనికోసమే. లాక్కోవాలంటే ముందు అంగీ విప్పాలి. సిక్కు వేషంలో ఎవరైనా వస్తే? రావచ్చు, అందుకే తనిఖీ ఉండాలి, పేరు, గుర్తింపు కార్డు రాసుకోవాలి. తనిఖీకి అమృతధారి ఎవరూ అడ్డు చెప్పరు, వేపచెట్టు కింద నిలబడ్డాయనా చెప్పలేదు. తీసి టేబుల్ మీద పెట్టమన్నప్పుడే ఆయన ఆగిపోయాడు. జైలు ములాఖత్ గదిలో, హత్య కేసు విచారణలో నిందితుడు కూర్చున్న బెంచీ దగ్గర వద్దంటే నేను కూడా ఒప్పుకుంటాను. అక్కడ ప్రమాదం కళ్లముందు ఉంది. బండి కాగితం మీద సంతకానికి వచ్చిన అరవై ఏళ్ల మనిషి విషయంలో ఆ మాట చెప్పలేం.

ఇట్లాంటి నిర్ణయాన్ని హోంగార్డు నెత్తిన వేయడం నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. ఆయన పంపితే ఉద్యోగ భయం, ఆపితే రాజ్యాంగాన్ని ఆపినట్టు. నల్గొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ఏ జిల్లాలోనైనా కలెక్టరేట్ నుంచి ఒక పేజీ ఉత్తర్వు చాలు. విమానానికి పెట్టిన కొలతే పెట్టవచ్చు. ఒరలో, బట్టల లోపల ఉండాలి. బయటికి తీయకూడదు. గేటు దగ్గర రిజిస్టర్లో పేరు రాయాలి. అనుమానం వస్తే ఫలానా అధికారికి ఫోన్ చెయ్యాలి, ఆ అధికారి పది నిమిషాల్లో తేల్చాలి. ఆపితే ఎందుకు ఆపారో కాగితం మీద రాసి ఇవ్వాలి. చివరిది ముఖ్యం. కారణం రాయాల్సి వస్తే ఆపే చెయ్యి ఒకసారి ఆలోచిస్తుంది. కోర్టు సముదాయాల గేట్లకు జిల్లా జడ్జి వైపు నుంచి విడిగా ఇవ్వాలి, అక్కడ అధికారం వాళ్లది.

తిరిగి వెళ్లేటప్పుడు ఆ సర్దార్జీతో చెట్టు కింద కాసేపు మాట్లాడాను. పన్నెండేళ్లుగా ఈ జిల్లాకు వస్తున్నాడట. వానాకాలం కోతలకు మళ్లీ వస్తాడు, అదే కార్యాలయంలో మళ్లీ పని ఉంది. "ఆ రాజ్యాంగం మాట తెలుగులో రాసిస్తావా?" అని అడిగాడు. నా దగ్గరున్న పాస్‌బుక్ జిరాక్స్ వెనకాల 25వ అధికరణం నంబర్, ఆ వివరణ నాలుగు లైన్లలో రాసిచ్చాను. అక్షరం చదవలేకపోయినా రెండుసార్లు పైకీ కిందికీ చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. కలెక్టర్‌కు నేను రాసిన అర్జీ ప్రజావాణిలో ఇచ్చాను. రశీదు ఇచ్చారు.